జాఫ్నా అత్తారింటికి, కారులో

పెళ్ళయిన ఏడాదిన్నరకి అత్తారింటికి వెళ్ళాను. మా ఆయనది శ్రీలంకలోని జాఫ్నా, నాది తణుకు. ఇద్దరం సింగపూర్‌లో ఉద్యోగాలు చేస్తూ అక్కడే రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నాం. అత్తగారినీ మామగారినీ ఫోన్లో తప్ప చూడలేదు. అత్తగారికి తమిళం తప్ప రాదు, నాకు తమిళం రాదు. ఈ జనవరిలో సంక్రాంతికి వస్తామని మాటిచ్చాం. కొలంబో నుంచి జాఫ్నాకి రైలుంది. కానీ కాండీ నుంచి జాఫ్నా వెళ్ళే ఏ9 రోడ్డు మీద వెళ్ళకుండా తన ఊరు అర్థం కాదని మా ఆయన ఎప్పుడూ అనేవారు. అందుకే కారులోనే వెళ్దామని నేను పట్టుబట్టాను.

విమానం రాత్రి దిగుతుంది కాబట్టి కొలంబో సిటీలోకి వెళ్ళకుండా ఎయిర్‌పోర్టుకి దగ్గరున్న నెగొంబోలో పడుకున్నాం. మీరూ అలాగే చేయండి. కారు అద్దెకి తీసుకున్న సంస్థ పేరు చెప్పను, కానీ అక్కడ మేం చేసిన పొరపాటు చెప్పాలి. బయట గీతలన్నీ ఫోటోలు తీసుకున్నాం గానీ స్టెప్నీ చూసుకోలేదు. దాని ఫలితం మూడో రోజు తెలిసింది. డ్రైవింగ్ అంతా మా ఆయనదే. విదేశీయులు నడపాలంటే చేతిలో ఇంటర్నేషనల్ పర్మిట్ ఉన్నా స్థానిక అనుమతి విడిగా తీసుకోవాలి, ఆ పని బయల్దేరేలోపే ముగించుకోండి. కారుకి ఊళ్ళలో 50, బయట 70 కిలోమీటర్ల వేగం దాటకూడదు. కాబట్టి మ్యాప్‌లో దూరం చూసి మన హైవేల లెక్కన టైమ్ వేసుకోవద్దు.

కాండీలో ఒక రాత్రి ఉన్నాం. బుకింగ్‌లో చెరువు కనిపించే గది అని రాశారు. బాల్కనీలోంచి మెడ సాచితే ఒక మూల నీళ్ళు కనిపించాయి. వేడినీళ్ళు రాలేదు. పొద్దున బిల్లులో 10 శాతం సర్వీసు చార్జీ, ఆ పైన 18 శాతం వ్యాట్ చేరాయి. అవి కలిపిన ధరా, కలపని ధరా అని గది తీసుకునేటప్పుడే అడగాలి, హోటల్ మెనూలకి కూడా ఇది వర్తిస్తుంది. ఊరు మాత్రం నాకు నచ్చింది, దానికి ఒక సొంత కారణం ఉంది. 1739 నుంచి 1815 దాకా కాండీని ఏలింది మదురై వైపు నుంచి వచ్చిన నాయక రాజులు, మూలం తెలుగువాళ్ళు. ఆ చెరువు తవ్వించింది చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడే. ఇంగ్లీషువాళ్ళు ఆయన్ని పట్టుకుని వేలూరుకి పంపేశారు, 1832లో అక్కడే పోయారు. బుద్ధుడి దంతం ఉంచిన దంతాలయం పక్కన ఆయన కట్టించిన ఎనిమిది పలకల మండపం ముందు చాలాసేపు నిలబడ్డాను.

మాతలే దాటేటప్పుడు రోడ్డు పక్క మసాలా తోటలు వరసగా వస్తాయి. చూపించడం ఉచితమే, చివర్లో నూనెలూ పొడులూ కొనమని బాగా ఒత్తిడి పెడతారు. ఆగకపోయినా నష్టం లేదు. ఆకలేస్తే ఊళ్ళో బేకరీలో ఆగండి. షార్ట్ ఈట్స్ అని రోల్సూ కట్లెట్లూ ఉన్న పళ్ళెం టేబుల్ మీద పెడతారు, మనం తిన్నవాటికే డబ్బు తీసుకుంటారు.

ఈ ప్రయాణంలో అన్నిటికన్నా మంచి బస సిగిరియా పల్లెలో ఒక ఇంటివాళ్ళు పెరట్లో కట్టిన రెండు గదుల్లో ఒకటి. కాండీ గదిలో సగం ధర. పొద్దున ఇడియాప్పం, పప్పు, కొబ్బరి సంబల్, కుండ పెరుగు మీద కితుల్ (జీలుగు చెట్టు) పాకం పెట్టారు. చీకటి పడ్డాక కారు తీయొద్దని ఆ ఇంటావిడ ముందే చెప్పింది, ఏనుగులు రోడ్డు మీదకి వస్తాయట. సిగిరియా కొండకి దాదాపు 1200 మెట్లు. తెల్లవారగానే ఎక్కితే ఎండ తప్పుతుంది, రద్దీ కూడా తప్పుతుంది. విదేశీయుల టికెట్టు ఖరీదెక్కువే, కానీ మనలాంటి సార్క్ (దక్షిణాసియా) దేశాలవాళ్ళకి తగ్గిస్తారు. పాస్‌పోర్టు చూపించాలి, గదిలో వదిలేసి రావద్దు. ఐదో శతాబ్దంలో కాశ్యప రాజు కోట కట్టుకున్న ఆ బండ ఒక్కసారైనా చూడాల్సిందే. సమయం చాలకపోతే కాండీలో ఒక పూట తగ్గించుకోండి గానీ దీన్ని వదలొద్దు. దంబుల్లా గుహలు గంటన్నరలో చూసేశాం.

మా అమ్మ మాత్రం "లంకాయాం శాంకరీదేవి అంటారు కదా, ఆ గుడికి వెళ్ళరా?" అని ఫోన్లో అడుగుతూనే ఉంది. అది త్రికోణమలైలో, దంబుల్లా నుంచి వంద కిలోమీటర్ల పైన ఉంది. వెళ్తే అత్తగారి దగ్గర ఒక రోజు తగ్గుతుంది. అందుకే వెళ్ళలేదు.

ఏ9 కాండీ నుంచి జాఫ్నా దాకా 321 కిలోమీటర్లు. వవునియా దాటాక ట్రాఫిక్ పల్చబడింది, రోడ్డుకి రెండు పక్కలా పొదల అడవి. మా ఆయన మాటలు తగ్గించేశారు. సైన్యానికీ తమిళ పులులకీ జరిగిన యుద్ధంలో ఏళ్ళ తరబడి మూతబడి, 2002 కాల్పుల విరమణలో తెరుచుకుని, 2006లో మళ్ళీ మూతబడిన దారి ఇది. అప్పుడు తను బడి పిల్లవాడు. కొలంబో వెళ్ళాలంటే ఓడెక్కి త్రికోణమలై చేరి, అక్కణ్ణుంచి బస్సు పట్టుకోవాల్సి వచ్చేదట. మంకుళం దాటాక టైరు పంక్చరైంది. డిక్కీ తెరిస్తే స్టెప్నీలో గాలి లేదు. మేం కారు దిగిన పది నిమిషాల్లో ఒక ఆటో అతను ఆగాడు. టైరుని తన బండిలో వేసుకుని, మా ఆయన్ని కూడా ఎక్కించుకుని పంక్చర్ షాపుకి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చాక షాపువాడికిచ్చిన డబ్బు తప్ప ఒక్క రూపాయి తీసుకోలేదు. కారు వాపసు చేసేటప్పుడు ఆ స్టెప్నీ సంగతి చెబితే అద్దె సంస్థ క్షమాపణ కూడా చెప్పలేదు, పైగా టైరు ఖర్చు మా డిపాజిట్‌లోంచి కోసుకుంది. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

మురికండిలో చిన్న పిళ్ళయార్ (వినాయకుడి) గుడి ఉంది. ఆ దారిలో వెళ్ళే బస్సూ లారీ అన్నీ అక్కడ ఆగి దండం పెట్టుకుని కదులుతాయి. మేమూ కొబ్బరికాయ కొట్టి, పక్కన వేపుడు వేరుశెనగలు కొనుక్కున్నాం. జాఫ్నా ద్వీపకల్పంలోకి దారి తీసే ఎలిఫెంట్ పాస్ దగ్గర రెండు వైపులా నీళ్ళు తెరుచుకుంటాయి. ముహమాలై వైపు మందుపాతరలు ఏరే పని యుద్ధం ముగిసిన 2009 తర్వాత కూడా ఏళ్ళ తరబడి సాగింది. అది దాటాక తాటిచెట్లు మొదలయ్యాయి. ఒకటీ రెండూ కాదు, కనుచూపు మేర. నాకు మా ఊరి చెరువుగట్లు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

అత్తగారు వీధి గుమ్మంలో హారతి పళ్ళెంతో నిలబడి ఉన్నారు. "వాంగో, వాంగో" అన్నారు, రండి రండి అని. ఆవిణ్ణి అక్కడి పద్ధతిలో "మామీ" అని పిలవమని మా ఆయన దారంతా నేర్పించారు. జాఫ్నాలో అవునుకి "ఓం" అంటారు. నేను చేతులతో ఏమడిగినా ఆవిడ నవ్వి "ఓం" అనేవారు.

జాఫ్నాలో ఏడాదంతా పారే నది లేదు, సున్నపురాయి నేల మీద బావినీళ్ళే ఆధారం. మొదటి రెండు రోజులు మేం ఇల్లు కదల్లేదు. పండగ రోజు వాకిట్లో ముగ్గులో పొయ్యి పెట్టి, సూర్యుడికి ఎదురుగా పొంగలి పొంగించారు. మూడో రోజు మామగారు మమ్మల్ని లైబ్రరీకి తీసుకెళ్ళారు. ఆయన రిటైర్డ్ టీచరు, ఇంగ్లీషు బాగా మాట్లాడతారు. 1981 మే 31 రాత్రి మొదలైన మంటల్లో అక్కడ దాదాపు 97,000 పుస్తకాలు పోయాయి. కుర్రతనంలో తను కూర్చుని చదువుకున్న కిటికీ ఏ వైపు ఉండేదో ఆయన చెయ్యి చూపించారు. తిరిగి కట్టిన తెల్లటి భవనం లోపల పిల్లలు నిశ్శబ్దంగా చదువుకుంటున్నారు. నల్లూరు కందస్వామి గుడికి పొద్దున్నే వెళ్ళండి. మగవాళ్ళు చొక్కా తీయాలి, అర్చన టికెట్టు ఒక్క రూపాయి. నయినాతీవు అనే దీవికి వెళ్ళే పడవ మాత్రం కిక్కిరిసి ఉంటుంది. లైఫ్ జాకెట్ అడిగి తీసుకున్నాకే కూర్చోండి.

ఒక మధ్యాహ్నం మామి కూళ్ కాచారు. తేగలు ఎండబెట్టి కొట్టిన పిండిలో చేపలు, పీతలు, రొయ్యలు, పనసగింజలు వేసి ఉడికించి తాటాకు దొన్నెల్లో పోస్తారు. జాఫ్నా హోటళ్ళలో పీతల కూర బాగుంటుంది గానీ, కూళ్ ఎవరింట్లోనైనా పెడితే అదృష్టం అనుకుని తాగండి. ఆ రోజే మా అమ్మ వీడియో కాల్ చేసింది. మామి ఒక పచ్చి తేగ తీసి ఫోన్ ముందు పట్టుకున్నారు. మా అమ్మ ముఖం వెలిగిపోయింది. "తేగలా! వదినగారూ, వాటిని కాల్చుకోవాలి, కాలిస్తేనే రుచి" అంది. మామికి ఏం అర్థమైందో, "అవిక్కోణుం" అన్నారు. ఉడకబెట్టాలని. అమ్మ పొయ్యిలో పెట్టి తిప్పుతున్నట్టు చేత్తో చూపించింది. మామి గిన్నె మీద మూత పెట్టి చూపించారు. ఇద్దరూ పావుగంట అలా మాట్లాడుకున్నారు. మేం మధ్యలో తర్జుమా చేయబోతే ఇద్దరూ మమ్మల్ని పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున నేను వంటింట్లోకి వెళ్ళేసరికి మామి పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నారు. బూడిదలోంచి రెండు తేగలు బయటికి లాగి, దులిపి, నా చేతిలో పెట్టారు.