బ్లూటూత్‌లో కనిపించని పెన్నుతో మూడు నెలలు

కొన్న రోజే ఒక్క స్టార్ పడేసి వాపసు పంపేద్దామనుకున్న ఐప్యాడ్ పెన్ను ఇది. ఇప్పుడు రోజూ దీంతోనే ఆన్‌లైన్‌లో పిల్లలకి లెక్కలు చెప్తున్నాను. మధ్యలో ఏం జరిగిందో రాస్తే ఇంకొకళ్లకైనా ఆ తలనొప్పి తప్పుతుందని ఈ రివ్యూ.

ఐప్యాడ్ కోసం బయటి కంపెనీలు చేసే స్టైలస్‌లలో, అంటే తెర మీద రాసే పెన్నుల్లో, ఒకటి. పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు, అచ్చం ఇలాంటి పెన్నే పది పేర్లతో పది పెట్టెల్లో దొరుకుతోంది. తెల్లగా ఉంటుంది, పైన రెండుసార్లు తడితే ఆన్ అవుతుంది, పక్కకి అంటించుకోవడానికి అయస్కాంతం, చార్జింగ్‌కి టైప్-సి, పెట్టెలో రెండు అదనపు నిబ్‌లు. వాడే విధానం రాసిన కాగితం ఒకటి ఉంటుంది, అందులో అక్షరాలు చీమ తలకాయంత. అందుకే చదవలేదు. అసలు తప్పు అక్కడే జరిగింది.

ఆన్ చేశాను, ఆకుపచ్చ లైటు వెలిగింది. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ తెరిచాను. నా ఇయర్‌ఫోన్లు ఉన్నాయి, కీబోర్డు ఉంది, పక్కింటివాళ్ల టీవీ కూడా ఉంది, పెన్ను మాత్రం లేదు. బ్లూటూత్ ఆపి మళ్లీ పెట్టాను, ఐప్యాడ్ రీస్టార్ట్ చేశాను, పెన్నుని గంటసేపు చార్జింగ్‌లో ఉంచాను, అయినా జాబితాలోకి రాదే! చివరికి విసుగొచ్చి వాపసు పేజీ తెరుద్దామని, చేతిలో ఉన్న పెన్నుతోనే వెనక్కి వెళ్లే గుర్తు మీద పొడిచాను. వెనక్కి వెళ్లింది. నోట్స్ తెరిచి గీత గీస్తే చక్కగా పడింది. అప్పుడు భూతద్దం తెచ్చుకుని కాగితం చదివితే రెండో లైన్లోనే ఉంది, దీనికి పెయిరింగ్, అంటే బ్లూటూత్‌తో జత కలపడం, అక్కర్లేదని.

ఈ రకం పెన్నుల్లో నిబ్ నుంచి చిన్న విద్యుత్ సంకేతం వస్తుంది, దాన్ని తెర నేరుగా పట్టుకుంటుంది. రాయడానికి బ్లూటూత్‌తో పనే లేదు. కొన్ని మోడళ్లలో బ్లూటూత్ ఉంటుంది కానీ అది బ్యాటరీ శాతం చూపించడానికో, పై బటన్ నొక్కితే హోమ్ స్క్రీన్‌కి వెళ్లడానికో. నా దాంట్లో అదీ లేదు, లేనిదాన్ని గంటన్నర వెతికానన్నమాట. ఒక్క షరతు, ఐప్యాడ్ 2018లోగానీ ఆ తర్వాతగానీ వచ్చినదై ఉండాలి, అంతకంటే పాతవాటిలో పని చేయదు.

సరే, కథ అక్కడితో అయిపోలేదు. రెండో రోజు నుంచి గీతలు తెగడం మొదలైంది. తెలుగు రాసేవాళ్లకి ఇది ఎంత చిరాకో వేరే చెప్పాలా, తలకట్టు అంటే చిన్న టిక్కు, ఆ టిక్కు పడదు, ఒత్తులు సగంలో ఆగిపోతాయి, పిల్లలేమో సార్ అది ఏడా, ఒకటా అని అడుగుతారు. మొదట నా రాతే అంత అనుకున్నాను. తర్వాత చూస్తే ఐప్యాడ్‌లో ఇంతకుముందు మా చెల్లెలు వాడిన మొదటి తరం ఆపిల్ పెన్సిల్ (ఐప్యాడ్‌కి ఆపిల్ వాళ్లే చేసే పెన్ను) ఇంకా పెయిర్ అయి ఉంది. నా కాగితంలో మూడో లైన్ అదే, పాత పెన్సిల్ ఉంటే ముందు తీసేయమని. బ్లూటూత్ జాబితాలో దాని పక్కనున్న ఐ గుర్తు నొక్కి ‘ఫర్గెట్ దిస్ డివైస్’ కొట్టాను. చాలావరకు సర్దుకుంది.

మిగిలిన కొంచెం నిబ్ వల్ల. మరతో బిగించే నిబ్ ఇది, రాసీ రాసీ అర చుట్టు వదులైనా చిన్న గీతలు మాయమవుతాయి. వేళ్లతో బిగిస్తే చాలు, పట్టకారు తేవద్దు. ఇలా మరతో బిగించే నిబ్ ఉన్న పెన్నులన్నిటికీ ఇది వర్తిస్తుంది, ఆపిల్ పెన్సిల్ సతాయించినా ముందు నిబ్ బిగించి చూడమనే చెప్తారు.

ఇంకోటి, పెన్ను నిద్రపోవడం. అయిదు నిమిషాలు కదల్చకపోతే దానంతటదే ఆఫ్ అవుతుంది, నేనేమో ఒక సూత్రం పదినిమిషాలు నోటితో వివరించి, పెన్ను ఎత్తి రాయబోతే ఏమీ పడదు. కనెక్షన్ పోయిందని మొదట్లో ఎంత టెన్షన్ పడ్డానో. నాకు దొరికిన గుర్తు ఏంటంటే, నేను వాడే యాప్‌లో అరచెయ్యి ఆనించినప్పుడు పిచ్చిగీతలు పడ్డాయంటే పెన్ను నిద్రలో ఉన్నట్టే, మేలుకుని ఉంటే అరచెయ్యిని పట్టించుకోదు.

చార్జింగ్ పెట్టి రాస్తే మాత్రం గీత పాములా మెలికలు తిరిగింది. పెన్ను చార్జింగ్ కాదు, ఐప్యాడ్ చార్జింగ్. నాసిరకం చార్జర్ నుంచి వచ్చే విద్యుత్ గోల తెరలోకి చేరి, నిబ్ పంపే చిన్న సంకేతంలో కలిసిపోతుంది. చార్జర్ మారిస్తే మెలికలు పోయాయి. పెన్నుని తిట్టుకున్నానా, అది ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే అయింది.

అసలు ఆపిల్ పెన్సిల్ కొనేవాళ్లకి కథ పూర్తిగా వేరు, దానికి పెయిరింగ్ నిజంగానే ఉంది, అదీ తరానికో తీరు. 2015లో వచ్చినదానికి వెనక మూత తీసి ఐప్యాడ్ లైట్నింగ్ (పాత రకం చార్జింగ్) రంధ్రంలో గుచ్చి ‘పెయిర్’ నొక్కాలి. 2018 నాటి రెండో తరం, 2024లో వచ్చిన ప్రో, ఈ రెండూ ఐప్యాడ్ పక్కన అయస్కాంతానికి అంటిస్తే చాలు. 2023 నాటి యూఎస్‌బీ-సి రకం అంటుకుంటుంది కానీ అలా పెయిర్ అవదు, చార్జ్ కూడా అవదు, చివర లాగి కేబుల్ పెట్టాల్సిందే. అంటించి ఊరుకుని, పని చేయట్లేదని గొడవ పడేవాళ్లు ఎక్కువగా ఈ రకం కొన్నవాళ్లే అని నా అనుమానం. పైగా ఏ పెన్సిల్ ఏ ఐప్యాడ్‌కి అనేది పెద్ద చిక్కు, ఎం4 చిప్ ఉన్న ఐప్యాడ్ ప్రోకి రెండో తరం పెన్సిల్ పని చేయదు, చూడ్డానికి మాత్రం రెండో తరం పెన్సిల్, పెన్సిల్ ప్రో రెండూ అచ్చం ఒకేలా అంటుకునే రకాలే. పెయిర్ అయిన పెన్సిల్‌ని ఇంకో ఐప్యాడ్‌కి తగిలిస్తే మొదటిదాన్ని వదిలేస్తుంది, మళ్లీ మొదటిదానికి తగిలించి కలపాలి. ఇంట్లో రెండు ఐప్యాడ్‌లు, ఒకే పెన్సిల్ ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

మా తమ్ముడు నా పెన్నుతో తన ఆండ్రాయిడ్ ట్యాబ్ మీద గీసి చూశాడు. చుక్క కూడా పడలేదు. పడదు కూడా, ఎవరి భాష వాళ్లది. శామ్‌సంగ్ ఎస్ పెన్ అయితే రాయడానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు, కావలసిన శక్తి తెర నుంచే తీసుకుంటుంది. కొన్ని మోడళ్లలో బ్లూటూత్ ఉంది కానీ అది బటన్‌తో దూరం నుంచి ఫొటో తీయడంలాంటి పనులకే. కాబట్టి ఎస్ పెన్ డిస్‌కనెక్ట్ అయిందని మెసేజ్ వచ్చినా రాత ఆగదు, ఎవరూ కంగారు పడక్కర్లేదు. క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లకి వచ్చే యూఎస్ఐ రకం పెన్నులు, మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ పెన్నులు మళ్లీ వేర్వేరు. కొనేముందు పెట్టె మీద మీ ట్యాబ్ మోడల్ నంబర్ ఉందా లేదా అనేది ఒక్కటి చూసుకోండి, ‘అన్ని ట్యాబ్‌లకీ’ అని రాసుంటే అది సాధారణంగా వేలు బదులు వాడే రబ్బరు మొన పెన్ను అయి ఉంటుంది.

ఇక నా పెన్ను మంచిచెడ్డలు. ఒత్తిడి తెలియదు, గట్టిగా నొక్కినా మెల్లగా తాకించినా గీత లావు ఒకటే. బొమ్మలు వేసేవాళ్లు దీని జోలికి రావద్దు. లెక్కలకి, నోట్సుకి నాకే లోటూ కనిపించలేదు. పక్కకి వంచితే షేడింగ్ వస్తుంది. అయస్కాంతం బలహీనం, సంచిలో పెడితే ఊడిపోతుంది. బ్యాటరీ ఎంతుందో కచ్చితంగా తెలియదు, లైటు ఎర్రబడితేనే తెలిసేది. సెలవుల్లో వాడకపోయినా నెలకోసారి చార్జ్ చేస్తున్నా, ఎందుకంటే లిథియం బ్యాటరీ పూర్తిగా అడుగంటి నెలల తరబడి అలాగే ఉంటే మళ్లీ లేవకపోవచ్చు. అయిదుకి మూడున్నర ఇస్తాను, ఆ కాగితంలో అక్షరాలు పెద్దవి చేసుంటే నాలుగు ఇచ్చేవాణ్ణి.

కాగితంలా గరుకుగా ఉండే ఫిల్మ్ అంటించాను తెరకి, దానివల్ల మూడో నెలకే నిబ్ ఒక పక్కకి అరిగిపోయింది. నిన్న కొత్తది మార్చాను. మార్చగానే తలకట్లు మళ్లీ మాయం. ఈసారి బ్లూటూత్ జోలికి పోలేదు, నిబ్ ఇంకో అర చుట్టు తిప్పి క్లాసు మొదలుపెట్టాను.