ఏడొందల ఓబీడీ డాంగిల్: అయిదేళ్లు వాడాక

మాది అంబాజీపేట పక్కన పల్లెటూరు. కారు 2014 మోడల్, చిన్న పెట్రోల్ బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దీని డాష్‌బోర్డులో ఇంజిన్ వేడి చూపించే ముల్లు లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, బాగా కాగిపోయాక ఎర్ర లైటు, అంతే. ఆ రెండింటి మధ్య లోపల ఏం జరుగుతోందో చెప్పే నాథుడు లేడు. 2020 చివర్లో నేను ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్‌లోని అంకెల్ని ఫోన్‌కి పంపే పరికరం) కొన్నది ఆ లేని ముల్లు కోసమే.

వస్తువు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. అగ్గిపెట్టెకి అన్నలా ఉంటుంది. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్లో గుచ్చి, ఫోన్లో బ్లూటూత్ కలిపి, ఏదో ఒక యాప్ తెరిస్తే ఇంజిన్ కంప్యూటర్‌కి తెలిసిన అంకెలు మనకీ కనిపిస్తాయి. మొదట 350 పెట్టి కొన్నది ఫోన్‌తో కలిసింది గానీ కారుతో మాట కలవలేదు. వెనక్కి పంపేసి 700 పెట్టి ఇంకొకటి తెప్పించాను. ఈఎల్ఎం327 (ఈ డాంగిళ్లలో ఉండే చిప్ పేరు) అని రాసి చవగ్గా అమ్మేవాటిలో నకళ్లే ఎక్కువ, నాదీ వాటిలో ఒకటే. అయినా అయిదేళ్లు పనిచేసింది. ఐఫోన్ ఉన్నవాళ్లు మాత్రం చూసుకుని కొనండి, పాత రకం బ్లూటూత్ డాంగిళ్లు దానికి కలవవు.

కొన్న మొదటి వారమే దీని ఖరీదు తీరిపోయింది. తెల్లవారుజామున రావులపాలెం నుంచి తణుకు వైపు హైవే మీద వెళ్తున్నాను. ఇరవై కిలోమీటర్లు నడిచినా కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ల) వేడి 66, 68 దగ్గరే తచ్చాడుతోంది. ఇలాంటి బండి 85 నుంచి 95 మధ్య ఉండాలి. యాప్‌లో కోడ్ చూస్తే పీ0128. అంటే ఇంజిన్ ఎంతకీ వేడెక్కడం లేదని కంప్యూటర్ మొర పెట్టుకుంటోంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి విప్పిస్తే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి వెళ్లనివ్వని చిన్న తలుపు) ఉండాల్సిన గూట్లో ఏమీ లేదు. పాత ఓనర్ హయాంలో ఎవరో పీకి పారేశారు.

"ఆయ్, మన ఎండలకి అదెందుకండీ, లేకపోతేనే బండి చల్లగా ఉంటది" అన్నాడు మెకానిక్. ఈ మాట నేను చాలా షెడ్లలో విన్నాను. బండి చల్లగా ఉండటం మంచిదే అనుకుంటాం గానీ, ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. కొత్తది వేయించాక లీటరుకి కిలోమీటరు పైనే తేడా వచ్చింది. అంతకంటే ముఖ్యం, బండి ఆరోగ్యంగా ఉంటే యాప్ గ్రాఫులో వేడి గీత ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

ఆ గీత సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే తర్వాత పట్టుకున్న జబ్బులన్నీ దానితో పోల్చుకుని పట్టుకున్నవే. పొద్దున్నే బండి ముట్టుకోకముందు తాళం ఆన్ చేసి, స్టార్ట్ చెయ్యకుండా, కూలెంట్ వేడి, ఇంజిన్ పీల్చే గాలి వేడి రెండూ చూడాలి. రాత్రంతా నిలబడ్డ బండిలో రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి. గాలి 27 అని, కూలెంట్ 50 అని చూపిస్తే సెన్సారే అబద్ధం చెబుతోంది, ఇక ఇంజిన్‌ని అనుమానించక్కర్లేదు. తర్వాత స్టార్ట్ చేసి ఏసీ వెయ్యకుండా వదిలేయాలి. అంకె నెమ్మదిగా పెరుగుతుంది. 84 దాటాక మా బండిలో ఒక్కసారి రెండు మూడు డిగ్రీలు తగ్గి మళ్లీ ఎక్కుతుంది. థర్మోస్టాట్ తెరుచుకుని, రేడియేటర్లో ఉన్న చల్లనీళ్లు ఇంజిన్లోకి వచ్చాయని దానర్థం. ఆ క్షణంలోనే రేడియేటర్ పై హోస్ పైపు ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఆ తర్వాత 97 దాకా ఎక్కుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, 92కి దిగుతుంది, ఫ్యాన్ ఆగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. గ్రాఫులో రంపం పళ్లలా కనిపిస్తుంది. ఈ అంకెలు మా బండివి, మీ బండికి రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ ఉండొచ్చు. బండి బాగున్న రోజునే ఒకసారి చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పాడయ్యాక చూస్తే దేనితో పోల్చుకుంటారు?

ఒక చిన్న సంగతి. బండి ఆపేశాక అంకె కాసేపు పైకి పోతుంది. నీళ్ల ప్రవాహం ఆగిపోయి లోహంలోని వేడంతా నీళ్లలోకి దిగడం వల్ల అలా జరుగుతుంది. మొదటిసారి అది చూసి నేను రాత్రి పూట బానెట్ ఎత్తి నిలబడ్డాను.

2022 కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, అంటే అక్కడి జాతరకి, బయలుదేరాం. వెనక సీట్లో మా అత్తగారు, మరదలు, పిల్లలు. ఆ రోజు ఆ దారి సంగతి కోనసీమవాళ్లకి చెప్పక్కర్లేదు, నడిచేవాళ్లే ముందు చేరతారు. బండి పాకుతోంది. ఫోన్లో 98, 101, 104. మా ఆవిడ "మీరు కారు నడుపుతున్నారా, ఫోన్ నడుపుతున్నారా?" అంటోంది. 107 వచ్చేసరికి ఏసీ కట్టేసి, అద్దాలు దించి, హీటర్ ఫుల్లుగా పెట్టాను. లోపల అందరూ నన్ను తిట్టుకున్నారు గానీ 103కి దిగింది. హీటర్ కూడా చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని మన మొహం మీదకి పంపిస్తుంది. పక్కన కొబ్బరితోట నీడ దొరకగానే ఆపేశాను.

అంతకు నెల ముందే ఒక షెడ్డులో "రేడియేటర్ పోయిందండి, మార్చెయ్యాలి" అని ఆరువేలు చెప్పారు. కానీ నా గ్రాఫులో రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్నంతసేపూ వేడి 91 దాటలేదు, నిలబడితేనే ఎక్కింది. రేడియేటర్ మూసుకుపోతే వేగం మీద కూడా తెలియాలి కదా. ఇంటికొచ్చాక ఏసీ వేసి చూశాను. ఏసీ వేస్తే మా బండిలో ఫ్యాన్ వెంటనే తిరగాలి. తిరగలేదు. నిలబడ్డప్పుడు ఏసీ చల్లదనం తగ్గుతోందని మా ఆవిడ నెల నుంచీ చెబుతూనే ఉంది, నేనే వినలేదు. ఫ్యూజు బాగానే ఉంది. ఫ్యాన్ రిలే (ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చే చిన్న స్విచ్చు) తీసి, అదే నంబరున్న హారన్ రిలే అక్కడ పెట్టాను. ఫ్యాన్ తిరిగింది, హారన్ మూగబోయింది. అమలాపురంలో కొత్త రిలే 150 రూపాయలు. ఈ పరీక్ష చేసేటప్పుడు చెయ్యి ఫ్యాన్ దగ్గర పెట్టకండి, కొన్ని బండ్లలో తాళం తీసేసినా అది తిరుగుతుంది.

మరుసటి ఏడాది మే నెలలో దీనికి సరిగ్గా తిరగబడిన కథ. దాళ్వా (రెండో పంట వరి) నూర్పులు అయ్యాక 216 హైవే మీద కాకినాడ వెళ్తుంటే 80 వేగంలో 102 డిగ్రీలు చూపిస్తోంది. 50కి తగ్గిస్తే 94. నిలబడితే మామూలే, రంపం పళ్లు. ఈసారి ఫ్యాన్‌ది తప్పు కాదు. నిలబడ్డప్పుడు ఇంజిన్ పుట్టించే వేడి తక్కువ, ఉన్న ఫ్యాన్ గాలి సరిపోతుంది. వేగంలో పుట్టే వేడిని వదిలించుకోలేకపోతోంది. అంటే రేడియేటర్లో గాలైనా ఆడటం లేదు, నీళ్లైనా ఆడటం లేదు. ముందు గ్రిల్లులోంచి చూస్తే శుభ్రంగానే ఉంది. బంపర్ ఊడదీసి ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్యకి టార్చి వేస్తే అక్కడ ఊక, గడ్డి పరకలు, కొబ్బరి పీచు, చచ్చిన పురుగులు కలిసి దుప్పటిలా పేరుకున్నాయి. కళ్లాల పక్కనా, పీచు బళ్ల వెనకా తిరిగే మన బండ్లకి ఇది మామూలు రోగం. నీళ్లు ఇంజిన్ వైపు నుంచి ముందుకి కొట్టాలి, అది కూడా మెల్లగా. సర్వీసింగ్ గన్నుతో దగ్గర్నుంచి కొడితే రేడియేటర్ పలకలు వంగిపోతాయి. కడిగాక 80లో 91.

అప్పుడే రేడియేటర్ నీళ్లు కూడా వదిలి చూశాను. టీ డికాక్షన్ రంగు. పాత ఓనర్ ఊరు అంతర్వేది వైపు. ఆ తీరంలో బోరు నీళ్లు ఎలా ఉంటాయో తాగినవాళ్లకి తెలుసు. ఆ ఉప్పు లోపలి అల్యూమినియాన్ని తినేస్తుంది, గొట్టాల్లో పక్కు కడుతుంది. కాలువ నీళ్లూ, చెరువు నీళ్లూ అంతే, మడ్డి అదనం. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది, దాన్ని కూలెంట్‌తో సగం సగం కలిపి పోశాను. మూత కూడా మార్చాను. మూత మీద 0.9 అని ఉంటుంది, అది పట్టి ఉంచే ఒత్తిడి. అంత ఒత్తిడిలో ఉత్త నీళ్లు కూడా 118 డిగ్రీల దరిదాపులకి వస్తే గానీ మరగవు. అదే ఒత్తిడి వల్ల, వేడి మీద మూత తిప్పితే నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదకి చిమ్ముతాయి. గంట ఆగండి.

అప్పుడే హోస్ పైపులు కూడా మార్చి ఉంటే ఈ కింది భాగం రాసే పని ఉండేది కాదు. నాలుగొందలకి కక్కుర్తి పడ్డాను.

2024లో పాలకొల్లు పెళ్లికి వెళ్తున్నాం. దిండి దాటి చించినాడ వంతెన ఎక్కబోతుండగా మా ఆవిడ "బెల్లప్పాకం వాసన వస్తోంది, మీకు రావట్లేదా?" అంది. ఫోన్ చూశాను. 101 ఉన్నది 90కి, తర్వాత 78కి దిగింది. దిగుతోంది కదా అని ధీమాగా వంతెన దాటేశాను. అవతల ఒడ్డు చేరేసరికి ఇంజిన్ టకటకమంటోంది, లాగడం లేదు. ఆపి బానెట్ ఎత్తితే కింది హోస్ పైపు చిట్లి ఉంది, లోపల చుక్క నీళ్లు లేవు. ఆ పాకం వాసన కారిపోయిన కూలెంట్‌దే.

సెన్సార్ నీళ్లలో మునిగి ఉంటేనే నీళ్ల వేడి చెబుతుంది. నీళ్లు పోయాక అది చెప్పేది తన చుట్టూ ఉన్న గాలి సంగతి. ఇంజిన్ కాలిపోతుంటే నాకు 78 చూపించింది అందుకే. ఎర్ర లైటు కూడా వెలగలేదు, మా బండిలో దానికి కబురు చెప్పేదీ ఆ ఒక్క సెన్సారే. పరుగులో ఉన్న ఇంజిన్ అంకె కారణం లేకుండా గబగబా పడిపోయిందంటే అది 110 కన్నా ప్రమాదం. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు పద్దెనిమిది వేలు మిగిలేవి. హెడ్ (ఇంజిన్ పై భాగం) వంగిపోయింది, లేత్ షాపులో చదును చేయించి, దాని కింద ఉండే సీలు, గ్యాస్కెట్ మార్చాల్సి వచ్చింది. పెళ్లికి ఆటోలో వెళ్లాం.

గ్యాస్కెట్ పోయిందని తేల్చింది కూడా డాంగిల్ కాదు. పైపు మార్చి నీళ్లు పోశాక కోడ్ ఒక్కటీ లేదు, గీత కాసేపు బాగానే ఉంది. కానీ నీళ్లు ఎక్కడా కారకుండానే తగ్గుతున్నాయి, రిజర్వ్ ట్యాంకులో ఆగకుండా బుడగలు వస్తున్నాయి. మెకానిక్ ఒక గాజు గొట్టంలో నీలం మందు పోసి రేడియేటర్ నోటి మీద పెట్టాడు. రెండు నిమిషాల్లో పసుపు రంగుకి తిరిగింది. ఇంజిన్లో మండిన పొగ నీళ్లలో కలుస్తోందన్నమాట. థర్మోస్టాట్ వద్దన్న మెకానిక్ ఈయనే. ఒక విషయంలో తప్పన్నంత మాత్రాన అన్నిట్లోనూ తప్పు కాదు.

మిగతా లోపాలు చిన్నవి. వారం రోజులు సాకెట్లోనే వదిలేసి ఊరెళితే బ్యాటరీ దిగిపోయింది, దిగేటప్పుడు పీకెయ్యాలి. ఎండాకాలంలో ఫోన్ డాష్‌బోర్డు మీద పెడితే ఇంజిన్ కన్నా ముందు ఫోనే హీటెక్కి ఆగిపోతుంది. కోడ్ చెరిపేసే మీట చూస్తే చెయ్యి దురద పెడుతుంది గానీ, మెకానిక్ చూడకముందే చెరిపితే ఆయన చీకట్లో వెతకాలి. నేనో సారి చెరిపాను, మాట పడ్డాను.

ముల్లు లేని బండి ఉంటే కొనండి అనే అంటాను. ఇది జబ్బు పేరు చెప్పదు, ఎప్పుడెప్పుడు వేడెక్కుతోందో చెబుతుంది. నిలబడితేనా, పరిగెడితేనా అన్నది తేలితే సగం ఖర్చు తప్పుతుంది. దానితో పాటు వారానికోసారి, చల్లగా ఉన్నప్పుడు, రిజర్వ్ ట్యాంకులో గీత దగ్గర నీళ్లున్నాయో లేదో కంటితో చూడండి. ఆ పని ఇది చెయ్యలేదు.

ప్రస్తుతం డాంగిల్ నా దగ్గర లేదు. తాడేపల్లిగూడెంలో మా బావగారి బండి హీటెక్కుతోందని పట్టుకెళ్లి మూడు వారాలైంది. "రేపు పంపుతా బావా" అంటున్నారు. బండి బాగైందట, డాంగిల్ మాత్రం కదలడం లేదు. పైన రాసిన అంకెలన్నీ పాత స్క్రీన్‌షాట్లు చూసి రాసినవే.