మన పంచాయతీ పైసలు ఎటు పోయాయి? ఈ-గ్రామస్వరాజ్ సైటు, మేరీ పంచాయత్ యాప్ రివ్యూ

2025 డిసెంబర్ ఎన్నికలతో తెలంగాణలో మన పల్లెలకు మళ్లీ సర్పంచులు వచ్చారు. అంతకు ముందు 2024 ఫిబ్రవరి నుంచి పంచాయతీలను నడిపింది ప్రత్యేకాధికారులు. ఆ కాలంలో ఎంత వచ్చింది, దేనికి పెట్టారు అని గ్రామసభలో అడగాలంటే చేతిలో కాగితం ఉండాలి. ఆ కాగితం కోసం ముందుగా తెరవాల్సింది ఈ-గ్రామస్వరాజ్ సైటు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ దీన్ని 2020 ఏప్రిల్ 24న మొదలుపెట్టింది. ఊరి ప్రణాళిక, జమాఖర్చు, పనుల ప్రగతి మూడూ ఇందులోనే ఉంటాయి. రిపోర్టులు చూడ్డానికి లాగిన్ అక్కర్లేదు, పైసా కట్టనక్కర్లేదు. ఫోన్‌లో చూసేవాళ్లకు మేరీ పంచాయత్ యాప్ ఉంది. కానీ వోచర్లు (చెల్లింపు చీటీలు) చదవాలన్నా, ప్రింట్ తీయాలన్నా సైటే నయం. రెండింటికీ కలిపి ఐదుకు మూడున్నర ఇస్తాం.

మొదటి చిక్కు ఊరు వెతుక్కోవడంలోనే వస్తుంది. సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామ పంచాయతీ ఒక్కొక్కటే ఎంచుకుంటూ పోవాలి. పాత నల్లగొండ, పాలమూరు జిల్లాలు 2016 అక్టోబర్‌లో ముక్కలయ్యాయి, నారాయణపేట 2019లో వేరుపడింది. హుజూర్‌నగర్ వాళ్లు సూర్యాపేట జిల్లా కింద, కొల్లాపూర్ వాళ్లు నాగర్‌కర్నూల్ కింద, మక్తల్ వాళ్లు నారాయణపేట కింద చూడాలి. దేవరకొండ వైపు తండాల్లో మరో పొరపాటు జరుగుతుంది. 2018 ఆగస్టులో తండా సొంత పంచాయతీ అయినా, అలవాటు కొద్దీ పాత ఊరి పేరు కొట్టి, మన పనులేవీ లేవనుకుంటారు. తండా పేరుతోనే వెతకండి. పేర్లు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. ఒక అక్షరం అటూ ఇటూ అయినా, ఒకే పేరుతో రెండు ఊళ్లున్నా తికమక తప్పదు. ఒకసారి మీ పంచాయతీ ఎల్‌జీడీ కోడ్ (ప్రతి పంచాయతీకీ కేంద్రం ఇచ్చిన గుర్తింపు నంబరు) రాసి పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

ముందు ఆమోదం పొందిన కార్యాచరణ ప్రణాళికను ప్రింట్ తీయండి. ఏ పనికి ఏ పథకం కింద ఎంత అంచనా వేశారో అందులో ఉంటుంది. గ్రామసభలో ఎన్నడూ మాట రాని పని అందులో కనబడితే మొదటి ప్రశ్న అక్కడే దొరికినట్టు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. ఆ పని ఏ తేదీ సభలో ఒప్పుకున్నారో తీర్మానాల పుస్తకం చూపించమనండి.

తర్వాత జమాఖర్చు. కేంద్రం ఇచ్చే 15వ ఆర్థిక సంఘం నిధులు 2021-22 నుంచి 2025-26 వరకు రెండు ముక్కలుగా వచ్చేవి. 60 శాతం కట్టుబడి నిధులు, అంటే చెప్పిన పనికే వాడాల్సినవి, అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, అయితే జీతాలకు, ఆఫీసు నిర్వహణకు వాడకూడదు. వోచర్‌లో నంబరు, తేదీ, పథకం, మొత్తం, ఎవరికి చెల్లించారో చూడండి. ఒకే తేదీన ఒకే పేరుకు నాలుగైదు చిన్న చిన్న వోచర్లుంటే ఆ బిల్లులన్నీ ఒకచోట పెట్టి చదవాలి. నిరుటి ముగింపు నిల్వ, ఈ ఏటి ప్రారంభ నిల్వ ఒకటే ఉండాలి. తేడా ఉంటే కార్యదర్శిని రాతపూర్వకంగా అడగండి.

2024-25లో జమ తక్కువగానో, అసలు లేనట్టో కనిపిస్తే వెంటనే ఎవరినీ అనకండి. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి కేంద్రం ఆర్థిక సంఘం నిధులు ఆపేస్తుంది. ఆ ఖాళీకి కారణం అదే కావచ్చు.

మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ పీడించిన ఊళ్లలో తాగునీటి పద్దును తేదీలతో సహా చదవాలి. భగీరథ పైపు పగిలి వారం ఆగితే జనం మళ్లీ బోరు నీళ్లకే పోతారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ తాగడానికి పనికిరాదు. అందుకే మరమ్మతు బిల్లు ఎప్పుడు ఎత్తారన్నది ఎంత ముఖ్యమో, నల్లాకు నీళ్లు ఏ రోజు వచ్చాయన్నదీ అంతే ముఖ్యం.

మార్కులు ఎక్కువ తగ్గించింది ఇక్కడే. సైటులో పని పూర్తయిందని ఉంటే అలా నమోదు చేశారని అర్థమే కానీ, పని సరిగా జరిగిందని కాదు. పనికి ముందు, నడుమ, అయ్యాక మూడు దశల్లో జియోట్యాగ్ ఫొటోలు (తీసిన చోటు నమోదయ్యేవి) తీయాలి, కానీ ఫొటోలో మందం కనబడదు. ఒక సీసీ రోడ్డు తీసుకోండి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు పడాలి. మందం 10 సెంటీమీటర్లే ఉంటే పడేది 30. మూడో వంతు సరుకు తగ్గినట్టే. పోసిన తర్వాత అంచున టేపు పెడితే 15 చూపిస్తుంది, ఎందుకంటే అంచు వెంట నిలబెట్టిన ఇనుప ఛానల్ (పట్టీ) ఎత్తుకు పోస్తారు. నడుమ కింద కంకర, మొరం ఎత్తుగా ఉంచితే అక్కడ మందం తగ్గినా పైకి తెలియదు. అందుకే పోయకముందే ఈ ఛానల్ నుంచి ఆ ఛానల్‌కు దారం గట్టిగా లాగి, నడుమ మూడు నాలుగు చోట్ల దారం నుంచి కిందికి కొలవండి. ఎక్కడా 15కు తగ్గొద్దు. పోసిన మరునాటి నుంచి మట్టి గట్లు కట్టి కనీసం 14 రోజులు నీళ్లు నిలపాలి. పాలమూరు ఎండకు నీళ్లు పట్టని రోడ్డు పగుళ్లిస్తుంది, వానాకాలంలో పై పొర లేచిపోతుంది. రోడ్డు పడిపోయాక అనుమానమొస్తే కోర్ కటింగ్ (రోడ్డుకు రంధ్రం చేసి ముక్క తీసి మందం చూడటం) చేయించమని అడగడమొక్కటే దారి.

ఇంకో లోటు. ఊళ్లో ప్రతి పైసా ఇందులో కనబడదు. ఉపాధి హామీ పథకం మెటీరియల్ (సామగ్రి) పద్దు కింద వేసిన సీసీ రోడ్లు ఉపాధి హామీ సైటులో ఉంటాయి. ఇంటి పన్ను, రాష్ట్రం ఇచ్చే నిధులు ట్రెజరీ దారిలో పోతాయి. చట్టం సర్పంచ్‌కు, ఉపసర్పంచ్‌కు ఉమ్మడి చెక్ పవర్ ఇచ్చింది కాబట్టి ఆ ఖర్చు గురించి ఇద్దరినీ అడగొచ్చు. గల్లీ రోడ్డు గానీ మోరీ గానీ ఈ సైటులో కనబడకపోతే పని దొంగలెక్క అనుకోకుండా, ముందు ఆ రెండు చోట్లా చూడండి.

బిల్లు కాపీ, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) రాసిన ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) పేజీలు సైటులో దొరకవు. వాటికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. కాపీ పేజీకి 2 రూపాయలు. "ఖర్చుల వివరాలివ్వండి" అని రాస్తే ఒక ముక్క రాసి చేతిలో పెడతారు. వోచర్ నంబరు, తేదీ, మొత్తం రాసి, దానికి సంబంధించిన బిల్లు, ఎం-బుక్ పేజీలు, తీర్మానం నకలు అని విడివిడిగా అడగండి. దరఖాస్తు ఇచ్చేటప్పుడు జిరాక్స్ కాపీ మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. 30 రోజుల గడువు ఆ తేదీ నుంచే లెక్క.