హోమ్ ఇన్సూరెన్స్ ఉందా? పగిలిన పైపు ముక్క పారేయకండి

హైదరాబాద్‌లో ఫ్లాటుకి హోమ్ ఇన్సూరెన్స్ తీసుకున్నవాళ్లూ, తీసుకోబోతున్నవాళ్లూ ఇది ఒకసారి చదవండి. నీళ్ల క్లెయిముల్లో గొడవంతా ఒక్క ప్రశ్న దగ్గరే మొదలవుతుంది: నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి? దానికి రుజువు చూపలేకపోతే ఎంత మంచి పాలసీ అయినా అక్కరకు రాదు.

2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో వరదకు కవరేజీ ఉంది. నీళ్ల ట్యాంకులు, పైపులు పగిలినా, పొంగినా ఉంది. పైఫ్లాటు బాత్రూం టైల్స్ సందుల్లోంచి నెలల తరబడి దిగే చెమ్మకు మాత్రం డబ్బు రాదు. దాన్ని అరుగుదల, మెయింటెనెన్స్ లోపం కింద కట్టేస్తారు. అందుకే నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయర్ రాగానే గోడ చూస్తాడు. ఒకదాని మీద ఒకటి పసుపు అంచులున్న మరక, గోరు తగిలితే పొడిగా రాలే పుట్టీ, తెల్లటి ఉప్పు, నల్ల బూజు కనిపించాయంటే ‘పాత లీకేజీ’ అని రాసుకుంటాడు. అసలు పైపే పగిలిన ఇంట్లో కూడా పాత చెమ్మ మరక ఒకటుంటే చాలు, మొత్తం దాని ఖాతాలో వేసేసే ప్రమాదం ఉంది.

ఇక్కడే ప్లంబర్ మన కొంప ముంచుతాడు, పాపం తెలియకే. గీజర్ కనెక్షన్ పైపు నట్టు చిట్లినా, గోడలో సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు మలుపు దగ్గరి ఎల్బో వెంట్రుకవాసి చీలినా, ఓవర్‌హెడ్ ట్యాంకులో బాల్ వాల్వ్ పట్టేసి మంజీరా కుళాయి నీళ్లు వదిలిన టైములో పొంగినా, వచ్చీ రాగానే పాతది కోసి కొత్తది అతికించి ముక్క పట్టుకెళ్లిపోతాడు. ముందు వాల్వ్ కట్టేయండి. పైపు విప్పకముందే ఆ చోటంతా కనబడేలా వీడియో తీయండి. తీసిన ముక్కను తేదీ రాసి కవర్లో దాచండి. బిల్లు మీద ఉత్త ‘ప్లంబింగ్ పని’ అని కాకుండా ఏ పైపు, ఎక్కడ, ఎలా పగిలిందో రాయించండి. అలాగని సర్వేయర్ వచ్చేదాకా నీళ్లు పారనివ్వకండి, నష్టం పెరగకుండా చూడటం మన బాధ్యతే. ఉబ్బిన ప్లైవుడ్, తడిసిన పరుపులు కూడా ఆయన చూసేదాకా స్క్రాప్‌వాడికి ఇవ్వకండి.

కంపెనీకి ఫోన్ చేసి ఊరుకోకుండా అదే రోజు మెయిల్ కూడా పెట్టండి. క్లెయిమ్ ఫారం నష్టం గమనించిన 30 రోజుల్లోపు ఇవ్వాలి. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నిబంధనల ప్రకారం 24 గంటల్లో సర్వేయర్‌ని కేటాయించాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, ఆ తర్వాత 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. సర్వే రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి, క్లెయిమ్ డబ్బులో కోత ఎక్కడ పడిందో అందులోనే తెలుస్తుంది. రిపేరు కొటేషన్ ‘మొత్తం ఇంత’ అని ఉంటే కోతకు దారి మనమే ఇచ్చినట్టు. ఏ గోడ ఎన్ని చదరపు అడుగులు, పుట్టీ, ప్రైమర్, పెయింటు రేట్లు విడివిడిగా రాయించండి.

బ్యాంకు లోనుతో అంటగట్టిన పాలసీ చాలాసార్లు బిల్డింగుకే ఉంటుంది. టీవీ, సోఫా అందులో రావు. కానీ గోడకు శాశ్వతంగా బిగించిన ఫిట్టింగులు బిల్డింగు కిందకే వస్తాయి కాబట్టి వార్డ్‌రోబ్, మాడ్యులర్ కిచెన్ అడగడం మరిచిపోకండి. సెల్లార్లో మునిగిన కారు ఇందులో రాదు, దానికి మోటార్ పాలసీయే దిక్కు.

పైఫ్లాటువాళ్లు కొంత డబ్బిచ్చి ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అని కాగితం మీద సంతకం అడిగితే కంపెనీతో మాట్లాడకుండా పెట్టకండి. వాళ్ల నుంచి రాబట్టుకునే కంపెనీ హక్కును మీరు వదిలేశారని మీ క్లెయిమే ఆపేయొచ్చు.

తక్కువ ఇచ్చినా, తిరస్కరించినా ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోతే, వచ్చినా నచ్చకపోతే, బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి (ఆఫీసు లకడీకాపూల్ దగ్గర) వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల రూపాయల దాకా ఉన్న క్లెయిములు వింటారు. తిరస్కరణ అందిన ఏడాది లోపే వెళ్లాలి. ఆ పైపు ముక్కను అప్పటిదాకా దాచండి.