ప్రభుత్వం కన్నా ముందే స్టాంపు వేసినవాళ్లు: న్యూయార్క్ నుంచి బెల్‌ఫాంట్ దాకా

అమెరికా ప్రభుత్వం దేశమంతటికీ పనికొచ్చే మొదటి స్టాంపులను 1847 జూలైలో విడుదల చేసింది. అంతకు అయిదేళ్ల ముందే, 1842 ఫిబ్రవరి 1న, సిటీ డిస్పాచ్ పోస్ట్ అనే ప్రైవేటు సంస్థ సొంత స్టాంపు వేసుకుని న్యూయార్క్ ఊళ్లో ఉత్తరాల బట్వాడా మొదలుపెట్టింది. నడిపినవాడు అలెగ్జాండర్ గ్రేగ్. స్టాంపు ధర మూడు సెంట్లు, మీద జార్జ్ వాషింగ్టన్ బొమ్మ. ఆ రోజుల్లో ప్రభుత్వానికి కట్టే పోస్టు ఖర్చు ఒక పోస్టాఫీసు నుంచి ఇంకో పోస్టాఫీసు దాకానే. ఉత్తరం గడప దాకా రావాలంటే పోస్టుమాన్‌కి విడిగా ఇచ్చుకోవాలి, లేదా మనమే వెళ్లి తెచ్చుకోవాలి. ఆ ఇబ్బందిని చూసే ఊరూరా ఇలాంటి ప్రైవేటు పోస్టులు లేచాయి. వాటి స్టాంపులూ కవర్లూ సేకరించడం నా పిచ్చి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటూ వాటిని ఆన్‌లైన్‌లో చూసి కొనడమేనా అనిపించి, అవి పుట్టిన ఊళ్లూ, వాటిని దాచిన చోట్లూ తిరిగి వచ్చాను. ఇదే ఆసక్తి ఉన్నవాళ్లకి ఎక్కడ ఎంత సమయం పెట్టాలో చెబుదామని రాస్తున్నాను.

మన్‌హాటన్‌తో మొదలుపెట్టాను కానీ అక్కడ ఎక్కువసేపు పెట్టక్కర్లేదు. గ్రేగ్ ఆఫీసు వాల్ స్ట్రీట్ పక్కనే, 46 విలియం స్ట్రీట్‌లో ఉండేది. ఇప్పుడు ఆ వీధంతా ఆకాశహర్మ్యాలే. ఏడు నెలలు తిరక్కముందే, 1842 ఆగస్టులో, ప్రభుత్వమే ఆ సంస్థను కొనేసి యునైటెడ్ స్టేట్స్ సిటీ డిస్పాచ్ పోస్ట్ అని పేరు మార్చింది. ఈ రెండు దశల్నీ కవరు మీద ముద్ర చూసి చెప్పేయొచ్చు. ప్రైవేటుగా ఉన్నప్పుడు స్టాంపు మీద ఎర్ర సిరాతో, చట్రంలో ‘ఫ్రీ’ అని కొట్టేవారు, అంటే ఉత్తరం అందుకునేవాళ్లు ఏమీ ఇవ్వక్కర్లేదని. ప్రభుత్వం చేతికొచ్చాక ఎనిమిది మూలల చట్రంలో ‘యు.ఎస్.’ ముద్ర వచ్చింది.

ఫిలడెల్ఫియా అలా కాదు. మా దగ్గరి మెట్రోపార్క్ స్టేషన్లో ఆమ్‌ట్రాక్ రైలు ఎక్కితే హాయిగా వెళ్లొచ్చు, కానీ అన్ని రైళ్లూ అక్కడ ఆగవు, ఆఖరి నిమిషంలో టికెట్ కొంటే వాచిపోతుంది. సమయం ఉంటే న్యూజెర్సీ లోకల్ రైలు ఎన్‌జే ట్రాన్సిట్‌లో ట్రెంటన్ దాకా వెళ్లి, అక్కడ ఫిలడెల్ఫియా వాళ్ల సెప్టా రైలు పట్టుకుంటే చాలా చవక. నేను వెళ్లింది అలాగే, టెన్షన్ లేకుండా జరిగింది. ఊళ్లో 5వ వీధి స్టేషన్లో దిగి నడిస్తే, 3వ వీధి, వాల్‌నట్ వీధి కలిసేచోట మర్చంట్స్ ఎక్స్ఛేంజ్ భవనం కనిపిస్తుంది. విలియం స్ట్రిక్‌లాండ్ కట్టిన భవనం, 1834లో పూర్తయింది. తూర్పు వైపు అర్ధచంద్రాకారంలో స్తంభాల వరుస, పైన గుండ్రటి గోపురం.

ఆ భవనం కోసమే నేను వెళ్లింది. ఫిలడెల్ఫియాలో ప్రైవేటు పోస్టు నడిపిన బ్లడ్ కంపెనీ స్టాంపు మీద ఒక పోస్టుమాన్ సంచీ తగిలించుకుని ఊరి మీదుగా పెద్ద పెద్ద అంగలు వేస్తుంటాడు. అతని కాళ్ల కింద ఉన్నది ఈ భవనమే. ఎన్నో ఏళ్లుగా భూతద్దంలో చూసిన స్తంభాలు రాతిలో ఎదురుగా నిలబడితే ఒళ్లు పులకరించింది. లోపల చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, బయట నుంచి చూస్తే చాలు. పొద్దున్నే వెళ్లండి, ఎండ తూర్పు ముఖం మీద పడుతుంది, ఫొటోలు బాగా వస్తాయి.

ఈ బ్లడ్ పోస్టు ప్రభుత్వానికి గట్టిగానే ఎదురు నిలిచింది. 1860లో కోర్టులో గెలిచింది కూడా. దాంతో 1861లో కాంగ్రెస్ చట్టం తెచ్చి ఊళ్లోని వీధుల్ని కూడా పోస్టు మార్గాల కింద, అంటే ఉత్తరాలు మోసే హక్కు ప్రభుత్వానికే ఉన్న దారుల కింద, చేర్చేసింది. ప్రైవేటు పోస్టులకు అసలు దెబ్బ అదే. 1863 జూలై నుంచి పెద్ద ఊళ్లలో ప్రభుత్వమే ఇంటికి ఉచితంగా ఉత్తరాలు తెచ్చివ్వడం మొదలుపెట్టింది.

వాషింగ్టన్‌లో నేషనల్ పోస్టల్ మ్యూజియం యూనియన్ స్టేషన్ పక్కనే. రైలు దిగి రోడ్డు దాటితే చాలు, ప్రవేశం ఉచితం. గోడల్లో పలకల్లాగా అమర్చిన ఫ్రేములు ఉంటాయి, ఒక్కొక్కటే బయటికి లాగి స్టాంపులు దగ్గరగా చూసుకోవచ్చు. పిల్లల్ని తీసుకెళ్లినా విసుగు రాదు, విమానాలూ రైలు పెట్టె అన్నీ ఉన్నాయి. కానీ ప్రైవేటు సిటీ పోస్టులే కావాలనుకునేవాళ్లకు ఇది ఒక పూట పని. రాత్రి ఉండాల్సిన అవసరం లేదు. నేను ఉండి తప్పు హోటల్లో ఇరుక్కున్నాను: బుక్ చేసినప్పుడు చూపించని ‘సౌకర్యాల రుసుము’ ఒకటి బిల్లులో కలిపారు, అడిగితే విసుక్కున్నారు. చెర్రీ పూల సీజన్లో అయితే ఆ చుట్టుపక్కల గదుల ధరలు అడగనే అక్కర్లేదు.

ఇక బెల్‌ఫాంట్. ఒక్క చోటికే వెళ్లే వీలుంటే ఇక్కడికే వెళ్లమంటాను. పెన్సిల్వేనియా మధ్యలో చిన్న ఊరు. కారు ఉండాల్సిందే, ఐ-80 హైవే మీద నేరుగా వెళ్లిపోవచ్చు. పాత అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో స్టాంపులు సేకరించేవాళ్ల సంఘం అమెరికన్ ఫిలటెలిక్ సొసైటీ ఆఫీసు, దాని లైబ్రరీ ఉన్నాయి. పక్కనే చక్కటి పార్కు, ఏరు. లైబ్రరీకి ఎవరైనా వెళ్లి కూర్చుని చదువుకోవచ్చు, సభ్యులైతే పుస్తకాలు తెప్పించుకోవచ్చు కూడా. ఏం కావాలో చెప్పగానే అక్కడి ఆవిడ పాత వేలం కేటలాగులు బండి మీద తెచ్చి ముందు పెట్టారు. అందులో డేవిడ్ గోల్డెన్ అనే ఆయన ఇలాంటి స్టాంపుల సేకరణను 1999లో సీగెల్ అనే వేలం సంస్థ అమ్మినప్పటి కేటలాగు ఉంది. దాని ముందు కూర్చుంటే మధ్యాహ్నం భోజనం గుర్తుకు రాలేదు.

ఈ స్టాంపుల్లో నకిలీలు కుప్పలు తెప్పలు. 1860లలో సేకరణ ఊపందుకోగానే బోస్టన్‌లో ఎస్. అలన్ టేలర్ ఉన్నవీ లేనివీ కూడా అచ్చువేసి అమ్మాడు. న్యూయార్క్‌లో సొంతంగా పోస్టు నడిపిన జార్జ్ హస్సీ కూడా సేకరించేవాళ్ల కోసం పాత పోస్టుల స్టాంపుల నకళ్లు వేయించాడు. అందుకే విడి స్టాంపు కన్నా కవరు మీదున్న స్టాంపునే నమ్ముతాను. అయితే కవరునీ పూర్తిగా నమ్మలేం. బ్లడ్ వాళ్ల కంచు రంగు ఒక సెంటు స్టాంపు చూడండి. దాన్ని రద్దు చేయడానికి సిరా ముద్ర కాకుండా యాసిడ్ వాడేవారు. అసలుదైతే స్టాంపు రంగు చెడి, ఆ మరక అంచు దాటి కవరు కాగితంలోకీ పాకుతుంది. దారిలో ఒక దుకాణంలో నాకు చూపించిన కవరులో మరక సరిగ్గా స్టాంపు అంచు దగ్గరే ఆగిపోయింది. స్టాంపును వేరే చోట నుంచి తెచ్చి ఆ కవరు మీద అంటించారేమోనని అనుమానం వచ్చి తిరిగి ఇచ్చేశాను.

బస సంగతికొస్తే, బెల్‌ఫాంట్‌లో పాతకాలపు ఇళ్లను బసలుగా మార్చినవి ముచ్చటగా ఉంటాయి. శాకాహారులకు మాత్రం పక్కనున్న స్టేట్ కాలేజ్ ఊరే దిక్కు, యూనివర్సిటీ ఊరు కాబట్టి మన తిండి దొరుకుతుంది. పెన్ స్టేట్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శని, ఆదివారాల్లో మాత్రం వెళ్లకండి. గది దొరకదు, దొరికినా ధర విని వెనక్కి వచ్చేస్తారు. లైబ్రరీ పని ఉన్నవాళ్లు ఎలాగూ వారం మధ్యలో వెళ్లడమే మేలు.

కొనే ముందు సర్టిఫికెట్ గురించి ఒక మాట. బెల్‌ఫాంట్‌లోని ఆ ఫిలటెలిక్ సొసైటీయే స్టాంపులూ కవర్లూ అసలువో నకిలీవో పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తుంది. న్యూయార్క్‌లో 1945 నుంచి ఉన్న ఫిలటెలిక్ ఫౌండేషన్ కూడా ఇస్తుంది. వేలంలో కొనేటప్పుడు, పరీక్షలో అసలుదని తేలకపోతే వాపసు తీసుకునే షరతు పెట్టమని వేలానికి ముందే రాసి అడగండి. దుకాణంలో అయితే అదే మాట బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోని చోట నేను కవరు కొనను.