క్లచ్ వేశారు, గేర్ ఆయిల్ పోయడం మర్చిపోయారు (కేసు దాకా వెళ్ళిన రివ్యూ)

రేటింగ్: 5కి 2. ఒకటే ఇవ్వాలి నిజానికి, రెండోది ఎందుకో చివర్లో చెప్తా.

గ్యారేజ్ పేరు రాయట్లేదు, పేరు కోసం వచ్చినవాళ్ళు ఏమనుకోకండి. పని గురించీ, ఆ తర్వాత డబ్బు ఎలా వెనక్కి రాబట్టానో దాని గురించీ రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుందని.

బండి ఎనభై వేల కిలోమీటర్లు దాటింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది కానీ బండి కదలదు, క్లచ్ జారుతోందని నాకే అర్థమైంది. గ్యారేజ్‌లో చూసి క్లచ్ సెట్ మొత్తం మార్చాలన్నారు, సరే అన్నాను. రెండు రోజుల్లో ఇచ్చేశారు, పెడల్ వెన్నలా ఉంది, కడిగి తుడిచి మరీ ఇచ్చారు, నేను కూడా థాంక్స్ చెప్పి వచ్చాను. అక్కడిదాకా బానే ఉంది.

పన్నెండో రోజో పదమూడో రోజో, మూడు నాలుగు గేర్లలో గుయ్‌మని సన్నటి ఊళ. స్పీడు పెరిగితే పెరుగుతుంది, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే గొంతు మారుతుంది. ఫోన్ చేశా. "కొత్త క్లచ్ కదా మేడమ్, సెట్ అవ్వడానికి టైం పడుతుంది, తిప్పండి పోతుంది" అన్నాడు అడ్వైజర్. నేను నమ్మి నాలుగు రోజులు తిప్పాను (ఈ నాలుగు రోజులు గుర్తుపెట్టుకోండి, తర్వాత వీటికి నేను డబ్బులు కట్టాను). ఐదో రోజు ఐదో గేర్‌లో ఉండగా లోపల కంకర నూరినట్టు చప్పుడు, ఆ తర్వాత ఏ గేరూ పడలేదు. రోడ్డు పక్కన ఆపి హజార్డ్ లైట్లు వేసుకుని కూర్చున్నా.

వెంటనే వాళ్ళకే ఫోన్ చేశా, ఇంకెవరికి చేస్తాం. "మేమే ఫ్రీగా టో చేసి తెచ్చుకుంటాం మేడమ్" అన్నారు, నాకు ప్రాణం లేచొచ్చింది. అదే టైంలో మా పిన్ని కొడుకు లైన్‌లోకి వచ్చాడు, వాడు యాక్సిడెంట్ బండ్ల సర్వేల్లో పనిచేస్తాడు. "అక్కా, బండి వాళ్ళ గేటు లోపలికి వెళ్ళిందంటే సాక్ష్యం కూడా లోపలికి వెళ్ళిపోయినట్టే" అన్నాడు. ఆ ఒక్క మాటతో టో డబ్బులు నేనే పెట్టుకుని బండిని వేరే షెడ్డుకి పంపించా. మొత్తం కథలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే అనుకుంటా, అది కూడా నా తెలివి కాదు.

తెలియనివాళ్ళ కోసం, ఇక్కడ జరిగింది ఏంటంటే. క్లచ్ అనేది ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యలో ఉంటుంది, గేర్‌బాక్స్ కిందకి దించకుండా దాన్ని మార్చలేరు. ముందు చక్రాలు లాగే బండ్లలో అయితే గేర్‌బాక్స్ దించాలంటే రెండు యాక్సిల్స్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాలకి వెళ్ళే కడ్డీలు) బయటికి లాగాలి, లాగితే ఆ కన్నాల్లోంచి ఆయిల్ కారిపోతుంది, అందుకే ముందే ఆయిల్ దించేసి పని మొదలుపెడతారు. అంతా బిగించాక పక్కనున్న లెవెల్ బోల్ట్ విప్పి, అందులోంచి పొంగి కారేదాకా కొత్త గేర్ ఆయిల్ పోయాలి. ఈ పోసే పని మర్చిపోతే బండికి తెలీదు, మనకీ తెలీదు. ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ పడిపోతే ఎర్ర లైట్ వెలుగుతుంది, మాన్యువల్ గేర్‌బాక్స్‌కి మామూలుగా అలాంటి లైటేమీ ఉండదు. గోడలకి అంటుకున్న కాస్త ఆయిల్‌తోనే కొన్నాళ్ళు తిరుగుతుంది, ఆ తర్వాత బేరింగ్‌లు ఏడుపు మొదలుపెడతాయి. నాకు వినిపించింది ఆ ఏడుపే.

ఇక తనిఖీ. బాక్స్ విప్పే ముందు మావాడు నాతో గ్యారేజ్‌కి మెసేజ్, మెయిల్ రెండూ పెట్టించాడు, ఫలానా రోజు ఫలానా టైంకి ఫలానా చోట విప్పుతున్నాం, మీ మనిషిని పంపించండి అని. బ్లూ టిక్‌లు పడ్డాయి, మనిషి రాలేదు. వాళ్ళకి లేని శ్రద్ధ మనకెందుకు అనిపించింది అప్పుడు, కానీ విచారణలో "మా వెనకాల విప్పారు, మాకేం తెలుసు" అని వాళ్ళ లాయర్ మొదలుపెట్టగానే ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ ముందు పెడితే ఆ టాపిక్ అక్కడితో అయిపోయింది.

తనిఖీ చేసినాయన పెద్దగా మాట్లాడడు. లెవెల్ బోల్ట్ విప్పి చూపుడు వేలు లోపలికి పెట్టి తీసి నాకు చూపించాడు, వేలు పొడిగా ఉంది. తర్వాత కింద డ్రెయిన్ బోల్ట్ విప్పితే రెండు లీటర్ల దాకా రావాల్సిన చోట పావు లీటరు కూడా రాలేదు, వచ్చింది కూడా నల్లగా మాడిన వాసన. ఆ బోల్ట్ కొసకి అయస్కాంతం ఉంటుంది, ఇనప రజను పట్టుకోడానికి, దానికి కాటుక ముద్దలా మెరుస్తూ బూడిదరంగు పేస్ట్ అంటుకుని ఉంది. అదంతా నా గేర్లే అని చెప్పాడు. బాక్స్ విప్పాక బేరింగ్‌లు వేడికి నీలంగా మారి ఉన్నాయి.

ఆయన రిపోర్టులో నాకు బాగా నచ్చిన లైన్ మాత్రం వేరే. బాక్స్ బయటివైపు అంతా పొడి దుమ్ము, ఎక్కడా తడి మరక లేదు, సీల్స్ దగ్గర కూడా లేదు అని ఫోటోలతో రాశాడు. అంటే ఆయిల్ పోశాక కారిపోలేదు, కారితే దుమ్ము పట్టి జిడ్డు ముద్ద కట్టేది. అసలు పోయనేలేదు. ఎందుకిది ముఖ్యమంటే, గ్యారేజ్ వాళ్ళు తర్వాత సరిగ్గా ఇదే అన్నారు, ఎక్కడో రాయి తగిలి లీక్ అయ్యుంటుంది అని. కాబట్టి రిపోర్ట్ రాయించుకునేటప్పుడు "గేర్‌బాక్స్ పాడైంది" అని రాయించుకుంటే సరిపోదు, అది మీ కంటికే కనిపిస్తోంది. దేనివల్ల పాడైంది, ఇంకే కారణాలు కావని ఎలా తేల్చారు, అది రాయించుకోండి.

గ్యారేజ్ సమాధానాలు వరసగా వచ్చాయి. మొదటిది, "మీరు క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతారు మేడమ్". క్లచ్ మీద కాలుంటే క్లచ్ అరుగుతుంది నాయనా, గేర్ ఆయిల్ ఆవిరైపోదు. రెండోది, "ఇంట్లో సార్ ఉంటే పంపించండి, మాట్లాడతాం". దీనికి నేనేం అన్నానో ఇక్కడ రాయను. మూడోది అసలైన ఆణిముత్యం, "గేర్‌బాక్స్ మేం ముట్టుకోనే లేదు, క్లచ్ మాత్రమే మార్చాం". వాళ్ళ బిల్లులోనే లేబర్ కింద గేర్‌బాక్స్ దించి ఎక్కించినందుకు అని ఉంది!

ఆ బిల్లు నేను అప్పటిదాకా సరిగ్గా చదవలేదు. ఒక రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో జూమ్ చేసి చూస్తున్నా. క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, లేబర్, టాక్స్. మళ్ళీ చదివా. గేర్ ఆయిల్ లేదు. ఒక్క చుక్కకి కూడా బిల్లు వెయ్యలేదు. మావాడికి అర్ధరాత్రి ఫార్వర్డ్ చేస్తే వాడు రిప్లై ఇచ్చింది ఒకటే ముక్క, "అక్కా దొరికారు".

చట్టం సంగతి. నేను మొదట భయపడింది వాళ్ళు కావాలని చేశారని నిరూపించాలేమో అని. అక్కర్లేదు. ఒక మామూలు పనితెలిసిన మెకానిక్ ఎంత శ్రద్ధగా చేస్తాడో అంత శ్రద్ధగా చేశారా లేదా అన్నదే ప్రశ్న. చాలా దేశాల్లో మాట అటూఇటుగా ఇదే, బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టంలో తగినంత శ్రద్ధ, నైపుణ్యం అని ఉంటుంది, ఆస్ట్రేలియా చట్టంలోనూ దాదాపు అదే, ఇండియాలో 2019 చట్టం ప్రకారం దీన్ని సేవాలోపం అంటారు, అక్కడ రెండేళ్ళ లోపల కంప్లయింట్ ఇవ్వాలి. గడువు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి "చూద్దాంలే" అనుకుంటూ కూర్చోకండి. ఇంకా బిల్లు వెనకాల "లేబర్‌కి వారంటీ లేదు, ఓనర్ రిస్క్" అని స్టాంప్ ఉంటుంది కదా, చాలామంది అది చూసి ఆగిపోతారు. వారంటీ లేకపోవడం వేరు, పని చెడగొట్టడం వేరు. బ్రిటన్ చట్టంలో అయితే మామూలు కస్టమర్ల విషయంలో అలాంటి షరతుతో బాధ్యత తప్పించుకోవడం కుదరదని నేరుగానే ఉంది.

నోటీస్ నేనే రాశా, లాయర్ లేకుండా, పేజీన్నర. తేదీలు, ఓడోమీటర్ రీడింగ్‌లు, రిపోర్ట్ కాపీ, నాకు కావాల్సిన మొత్తం, 15 రోజుల గడువు. మొదటి డ్రాఫ్ట్‌లో తిట్లు ఉన్నాయి, మావాడు కొట్టేశాడు. ఒక్క పేరా మాత్రం తప్పకుండా పెట్టమన్నాడు, మీరే బాగుచేస్తానంటే అందుకు కూడా సిద్ధం, రాతపూర్వకంగా ఏం చేస్తారో చెప్పండి అని. సరిదిద్దుకునే అవకాశం ఇచ్చారా అని తర్వాత అడుగుతారట, నిజంగానే అడిగారు. గ్యారేజ్ నుంచి జవాబు రాలేదు, ఫోన్‌లో మాత్రం వచ్చే సర్వీస్ ఫ్రీ అని ఆఫర్ వచ్చింది. గేర్‌బాక్స్ లేని బండికి ఫ్రీ సర్వీస్.

చివరికి కేసు వేశా, అది ఏడు నెలలు పట్టింది, రెండు వాయిదాలు ఊరికే పోయాయి, వెళ్ళడం కూర్చోవడం రావడం. అసలు విచారణ నలభై నిమిషాలు కూడా లేదు. వాళ్ళ మెకానిక్‌ని ఆయిల్ పోశావా అని అడిగితే "ఎప్పుడూ పోస్తామండి" అన్నాడు. ఆ రోజు పోశావా అంటే గుర్తులేదన్నాడు. అతని మీద మాత్రం నాకు కోపం రాలేదు, ఒకే రోజు నాలుగు బండ్లు లిఫ్ట్ మీద పెడితే ఎవరికైనా ఒకటి మిస్ అవుతుంది. ఫోన్ చేసినప్పుడు "ఒకసారి తీసుకురండి, చూస్తాం" అనకుండా తిప్పమన్నాడే అడ్వైజర్, కోపమంతా వాడి మీద.

గేర్‌బాక్స్ బాగుచేయించిన ఖర్చు, తనిఖీ ఫీజు, టో ఖర్చు ఇమ్మన్నారు. క్లచ్ డబ్బులు రాలేదు, క్లచ్ బానే ఉంది కాబట్టి అది న్యాయమే. గేర్‌బాక్స్ మొత్తంలో కొంత కోత పడింది, ఒకటి, ఎనభై వేలు తిరిగిన పాత బేరింగ్‌ల చోట నాకు కొత్తవి వచ్చాయి కాబట్టి, రెండు, చప్పుడు విని కూడా నాలుగు రోజులు నడిపాను కాబట్టి. వాళ్ళే నడపమన్నారండీ అన్నా, అది ఫోన్‌లో చెప్పారు, మెసేజ్‌లో లేదు. అందుకే ఇప్పుడు ఎవరితో ఫోన్ మాట్లాడినా పెట్టేశాక "మీరు ఇప్పుడు చెప్పినట్టు..." అని ఒక మెసేజ్ కొడుతున్నా, ఇంట్లోవాళ్ళకి నవ్వులాటగా ఉంది. క్యాబ్ ఖర్చుల్లో రసీదులున్న రోజులవే ఇచ్చారు, సగం రోజులకి నా దగ్గర లేవు.

డబ్బు పడిన రోజు గ్యారేజ్ నుంచి ఫోన్, ఓనరే చేశాడు, చాలా మర్యాదగా, "అంతా సెటిల్ అయింది కదా మేడమ్, రివ్యూ ఏమైనా పెడితే మంచిగా రెండు స్టార్లయినా ఇవ్వండి" అని.

ఇచ్చాను. మొదటిది ఎలాగూ తప్పదు. రెండోది మాత్రం ఆ బిల్లు టైప్ చేసిన అబ్బాయికో అమ్మాయికో, పోయని ఆయిల్‌కి డబ్బులు వేయనందుకు.