మంచాలు లేని సత్రాలే ఎక్కువ గుర్తున్నాయి

అక్కా నేనూ లోగ్రోన్యో నుంచి సాంతియాగో దె కొంపొస్తెలా దాకా నడిచాం. యేసు శిష్యుడు పునీత యాకోబు సమాధికి వెళ్లే పాత యాత్రామార్గం, ఉత్తర స్పెయిన్‌లో 600 కిలోమీటర్ల పైచిలుకు. మే నెలలో బయల్దేరి జూన్‌లో చేరాం. దారి పొడుగునా తలదాచుకోడానికి చోట్లకి కొదవలేదు. మున్సిపాలిటీ సత్రాలు, ప్రైవేటు సత్రాలు, హోటళ్లు, అన్నిట్లోనూ దిగాం. ఎవరైనా ఆ దారిన వెళ్తున్నామంటే మాత్రం నేను మొదట చెప్పేది విచారణ గుడులు, అంటే ఊళ్లోని కతోలిక సంఘానికి చెందిన గుడులు, నడిపే సత్రాల గురించే.

అలాంటి చోట మొదటిసారి దిగింది గ్రాన్యోన్‌లో. లా రియోహా ప్రాంతంలో ఈ దారి మీద అదే ఆఖరి ఊరు. నాహెరా నుంచి నడుస్తూ, మధ్యలో సాంతో దొమింగో దె లా కాల్సాదా కెథెడ్రల్ చూసుకుని (గుడి లోపల గూట్లో బతికున్న కోడిపుంజూ పెట్టా ఉంటాయి, ఆగి చూడాల్సిందే) మిట్టమధ్యాహ్నం చేరాం. స్నాపక యోహాను గుడిని ఆనుకుని చిన్న తలుపు, లోపల మెలికలు తిరిగే ఇరుకు రాతిమెట్లు. వీపున సంచీతో ఎక్కుతుంటే భుజాలు గోడకి రాసుకున్నాయి. పైన ఒకావిడ ముందు మంచినీళ్లిచ్చింది, తర్వాత పేర్లడిగింది. ఇలాంటి వాళ్లని ఒస్పితలేరో అంటారు. జీతం లేదు. తాము ఒకప్పుడు ఈ దారి నడిచినవాళ్లే, సెలవు పెట్టుకుని వచ్చి రెండు వారాలు సేవ చేసి వెళ్తారు.

మంచాలు లేవు. నేల మీద పలచని పరుపులు. ముందుగా బుక్ చేసుకోవడం లేదు, రేటు లేదు. ఓ పక్కన మూత తీసిన చెక్కపెట్టె, ఇవ్వగలిగింది ఇవ్వండి, అవసరమైంది తీసుకోండి అని రాత. అక్క చాలాసేపు ఆ పెట్టె దగ్గరే నిలబడింది.

"తాళం కూడా వెయ్యలేదే వీళ్లు" అంది.

సాయంత్రం నా చేతికి కత్తి ఇచ్చి ఉల్లిపాయలు తరగమన్నారు. అక్కకి బల్లలు సర్దే పని. ఉల్లిపాయ మంటకి కళ్లు తుడుచుకుంటుంటే పక్కన క్యారెట్ చెక్కుతున్న ముసలాయన తన చేతిరుమాలు ఇచ్చాడు. నాకు ఆ చోటి కొత్త పోయింది అక్కడే. హోటల్లో అన్నీ మనకి అందిస్తారు, మనం పరాయివాళ్లగానే వెళ్లిపోతాం. ఇక్కడ పని చెప్పారు, భోజనాలయ్యాక గిన్నెలు కడిగించారు, ఆ తర్వాత గుడి వెనక భాగంలో పైనున్న గాయకుల మేడ మీదికి తీసుకెళ్లారు.

దీపాలన్నీ ఆర్పేశారు. ఒక్క కొవ్వొత్తి చేతులు మారుతూ వచ్చింది. అందినవాళ్లు తమ భాషలో ప్రార్థన చెప్పొచ్చు, మౌనంగా పక్కవాళ్లకి ఇచ్చెయ్యొచ్చు. అక్క దగ్గరికొచ్చేసరికి "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని మొదలుపెట్టింది. అమ్మ పోయాక అక్క నోట ఆ జపం నేను వినలేదు. సగంలో గొంతు పూడుకుపోయింది. మిగతాది నేను అందుకున్నాను. కొవ్వొత్తి తీసుకోవాల్సిన కొరియా ఆవిడ ముందు అక్క చెయ్యి పట్టుకుంది, ఆ తర్వాతే కొవ్వొత్తి పట్టుకుంది.

వసతి సంగతి దాచను. స్నానానికి వరస కట్టాలి. రాత్రంతా గురకలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నేల మీంచి లేవడం నిజంగా కష్టం, వాళ్లు అదే ఊళ్లో మంచమున్న చోట పడుకుని భోజనానికో ప్రార్థనకో రావచ్చేమో అడగడం మంచిది. స్లీపింగ్ బ్యాగు తప్పనిసరి.

ఇలా విరాళం మీద నడిచేవాటిని దొనతీవో అంటారు. దొనతీవో అంటే ఉచితం కాదు. ఈ రాత్రి మనం తిన్నది నిన్న దిగినవాళ్లు వేసిన డబ్బుతో వండింది. డబ్బుండీ పెట్టెలో ఏమీ వెయ్యకుండా పోయేవాళ్లని చూసి మనసు చివుక్కుమంది. మంచానికీ భోజనానికీ బయట ఎంతవుతుందో అంతైనా వెయ్యండి, లేనివాళ్ల కోసం ఇంకొంచెం వెయ్యండి.

దీనికి పూర్తిగా ఎదురు, తర్వాత ఒక పట్నంలో దిగిన ప్రైవేటు సత్రం. తెల్లటి దుప్పట్లు, మంచానికో తెర, బట్టలుతికే మిషను. తలుపు కోడ్ ఫోన్‌కి వచ్చింది. అక్క మడమ బొబ్బ పగిలి చీము పట్టిందా రాత్రి. మందుల షాపు ఎక్కడని అడుగుదామంటే మనిషన్నవాడు లేడు. మర్నాడు కుంటుకుంటూ నడిచింది.

కారియోన్ దె లోస్ కొందెస్‌లో పునీత మరియ విచారణ సత్రంలో ఉండే అగస్టీన్ సభ సిస్టర్లలో ఒకావిడ, అక్క అడగకుండానే, మెట్ల మీద కూర్చోబెట్టి ఆ మడమకి కట్టు కట్టింది. అదే చేతులతో గంట తర్వాత గిటారు వాయించింది. యాత్రికులందరితో పాటలు పాడిస్తారక్కడ. పూజ అయ్యాక, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పం) తీసుకోనివాళ్లని కూడా పీఠం దగ్గరికి పిలిచి ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించారు, రంగులేసిన చిన్న కాగితం నక్షత్రం చేతిలో పెట్టారు. మీదే మతమని మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ ఊరు దాటాక 17 కిలోమీటర్లు ఒక్క ఊరూ తగలదు, నీళ్లు నింపుకునే బయల్దేరండి.

ఓ సెబ్రెయిరో కొండెక్కాక గుడి దగ్గర ఎలియాస్ వలీన్యా గారి విగ్రహం ఉంది. ఆ కొండ మీది విచారణ గురువు, అంటే ఆ గుడి ఫాదర్, ఆయన. దారి జనం మరిచిపోయిన రోజుల్లో, 1984లో, పసుపు రంగు డబ్బాలు తన కారులో వేసుకుని దారంతా బాణాలు గీశారు. 1989లో పోయారు. ఒకప్పుడు మరిచిపోయిన ఆ యాత్రకే 2024లో సాంతియాగో చేరి పేరు రాయించుకున్నవాళ్లు దాదాపు 5 లక్షలు. మేం తప్పిపోకుండా నడిచింది ఆ బాణాల వెంటే. విగ్రహం ముందు అక్క చెప్పులు విప్పింది. నేనూ విప్పాను.

సారియా అనే ఊరి నుంచి జనం బాగా పెరుగుతారు. యాత్ర చేసినట్టు ధ్రువపత్రం కావాలంటే ఆఖరి 100 కిలోమీటర్లూ యాత్రికుల పుస్తకంలో రోజుకు రెండు ముద్రలు వేయించుకోవాలి. కెథెడ్రల్‌లో మధ్యాహ్నం 12 గంటల పూజకి పెద్ద సంచులు లోపలికి రానివ్వరు, ముందే బసలో పెట్టేసి వెళ్లండి. ఆ గుడికి పేరు తెచ్చిన పెద్ద ధూపపాత్రని మేం వెళ్లినరోజు ఊపలేదు.

తొసాంతోస్ గురించి కావాలనే ఆఖరికి ఉంచాను. గ్రాన్యోన్ మర్నాడు దిగిన చిన్న ఊరు, అక్కడా నేల పడకే. అటక మీద చిన్న ప్రార్థన గది. వచ్చినవాళ్లు తమ మొరలు చీటీల మీద రాసి పెడతారు. రాసినవాళ్లు నడిచి సాంతియాగో చేరే రోజు దాకా, రోజూ రాత్రి ఆ రోజు దిగినవాళ్లు వాటిని చదివి వాళ్ల కోసం ప్రార్థిస్తారు. మేం తెలుగులో రాశాం. "ఇది ఎవరు చదువుతారు?" అని అడిగితే, "చదవలేకపోతే చేత్తో పట్టుకుని కూర్చుంటాం" అన్నాడు అక్కడి ఒస్పితలేరో.

సాంతియాగో చేరిన సాయంత్రం కెథెడ్రల్ ముందు రాళ్ల మీద కూర్చున్నాం. అక్క బూటు విప్పి మడమ చూసుకుంది. గాయం మానిపోయింది.

"ఇవాళ్టితో మన చీటీ తీసేస్తారు కదే" అంది.

ఏం రాశావని నేను అడగలేదు. అక్క సంచీలోంచి అమ్మ జపమాల తీసింది.